ఇంటి ఊరేగింపు శనివారం మాత్రమే

లంబూయాన్ పురపాలక సంఘం తరఫున అతిథులకు తెలియజేయడమేమనగా, మా ద్వీపానికి పడవ ఉదయం తొమ్మిది గంటలకు వస్తుంది. రేవులో బోర్డు మీద అలాగే రాసి ఉంది. బోర్డుకు రంగులు వేసినవాడు మేయరు గారి బావమరిది, కాబట్టి అందులో తప్పు ఉండే అవకాశం లేదు. పడవ మాత్రం తనకు వీలైనప్పుడు వస్తుంది. అది ఎప్పుడొచ్చినా అప్పుడు తొమ్మిదయినట్టుగా భావించి ఆనందించగలరు.

నేను ఈ కార్యాలయంలో మైకు గుమస్తాను. పన్ను గడువు, తప్పిపోయిన మేక, రాబోయే తుఫాను, అన్నీ ఊరికి నా గొంతుతోనే తెలుస్తాయి. మిగతావాళ్ళందరూ అతిథుల సేవలో తీరిక లేకుండా ఉన్నందువల్ల, అతిథుల కోసం ఈ మార్గదర్శిని రాసే పని నా నెత్తిన పడింది.

పడవ దిగగానే మీ మెడలో గవ్వల దండ పడుతుంది. ఆ గవ్వలు పరాయి దేశం నుంచి తెప్పించినవి. మా గవ్వలను ఇదివరకు వచ్చిన అతిథులు జ్ఞాపకంగా పట్టుకెళ్ళారు. వీధి వీధికీ పాటలు పాడుకునే యంత్రం ఉంది. మీరు పాడితే అది మార్కులు వేస్తుంది. మేయరు గారు పాడితే నూటికి నూరు వస్తుంది. ఒకసారి ఆయన గొంతు సవరించుకున్నా వచ్చింది.

కోళ్ళు తెల్లవారకముందే కూసి నిద్ర చెడగొడుతున్నాయని హోటళ్ళవారు ఫిర్యాదు చేస్తే, ఎనిమిదింటి తర్వాతే కూయాలని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ తీర్మానం కోళ్ళకు సకాలంలో అందాలని చీకటితోనే మైకులో చదివాను. అప్పటి నుంచి ఫిర్యాదులు నా మీద వస్తున్నాయి.

సూర్యాస్తమయం చూడటానికి ఒడ్డున కుర్చీలు వేయించాం. దానికి ముందు మేయరు ఎలూతెరియో బకాలింగ్ గారు రెండు మాటలు మాట్లాడతారు. ఆ రెండు మాటలూ పూర్తయ్యేసరికి చుక్కలు కనబడతాయి. మా సూర్యాస్తమయం ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే, చూసినవాళ్ళు చెప్పాలి.

ఇక అసలు వేడుకకు వద్దాం.

మా దగ్గర ఎవరైనా ఒక చోటు నుంచి ఇంకో చోటుకు మారవలసి వస్తే, సామాను మాత్రమే కాదు, ఇల్లే మారుస్తారు. వెదురు ఇల్లు, ఆకుల కప్పు, కింద గుంజలు. ఆ గుంజలకు అడ్డంగా బొంగులు కట్టి పదిమంది భుజం పెడితే ఇల్లు లేచి నడుస్తుంది. దానికో పద్ధతుంది. ఇంటి పెద్ద వీధి వెంట నడుస్తూ గడప గడపకూ "భుజం ఖాళీయేనా?" అని అడగాలి. "ఖాళీయే" అని జవాబు. ఎందుకు, ఎక్కడికి అని అడగడం మర్యాద కాదు. కూలి ఇవ్వడం అంతకన్నా అమర్యాద. పనయ్యాక కొబ్బరిపాల జావ, దానిపైన కల్లు. నేను పుట్టిన ఇల్లు అలా రెండు వీధులు తిరిగింది.

ఇప్పుడు ఊరంతా సిమెంటు ఇళ్ళు. వెదురు ఇల్లు మిగిలింది లోలా సెగుందాకు ఒక్కదానికే. లోలా అంటే అమ్మమ్మ, ఊరందరికీ. చెరువు చేపల పులుసు వండి అమ్ముకునే మనిషి. పోయిన ఏడాది ఆమె ఇంటిని మేం నాలుగు గజాలు జరుపుతుంటే ఎవరో అతిథి వీడియో తీశాడు. ప్రపంచం దాన్ని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మేయరు గారికి ఆ కళ్ళనీళ్ళలో పట్టణాభివృద్ధి కనబడింది.

"సోదరులారా!" అన్నారాయన ఆ సాయంత్రం, సూర్యుడికి అడ్డంగా నిలబడి. "ఇతర పట్టణాల్లో ఇంట్లో మనుషులుంటారు. మన పట్టణంలో మనుషుల మీద ఇల్లుంటుంది! దీన్నే ఐకమత్యం అంటారు! ఈ ఐకమత్యం ఇకపై ప్రతి శనివారం, ఉదయం పదింటికి, టిక్కెట్టు మీద!"

ఆ విధంగా లోలా ఇల్లు ఒక శనివారం వీధిలోంచి సముద్రపు ఒడ్డుకు, మరుసటి శనివారం ఒడ్డు నుంచి వీధిలోకి ప్రయాణం చేయసాగింది. వెనక సముద్రముంటే ఫొటో బాగా వస్తుంది గనుక సరిగ్గా నీటి అంచున దింపేవాళ్ళు.

"నా ఇల్లేమన్నా పల్లకీ అనుకున్నారా?" అని లోలా కార్యాలయానికి వచ్చి కేకలేసింది.

యాత్రిక శాఖ అధికారిణి గావినా ఎంతో ఓర్పుగా నచ్చజెప్పింది. "అదేంటి లోలా, అలా అంటారు! మిమ్మల్ని ప్రపంచమంతా చూస్తోంది. ఇల్లు కదిలేటప్పుడు మీరు కిటికీలోంచి కాస్త చెయ్యి ఊపారనుకోండి, ఇంకా బాగుంటుంది."

"చెయ్యి ఊపితే పులుసు ఎవరు పట్టుకుంటారమ్మా? పోయిన వారం సగం చాప మీదే ఒలికింది."

ఆ మాటతో పులుసు గిన్నెకు మూత సంఘం ఖర్చుతో మంజూరైంది.

లోలా పెంచుకునే కోడికి మాత్రం ఈ అభివృద్ధి తలకెక్కలేదు. ఇల్లు ఎటు పోయినా అది పాత చోటుకే నడిచొచ్చి, పక్కింటి దర్జీ హొనోరాటో కుట్టుమిషను కింద గుడ్డు పెట్టి పోయేది. పాదిరీ గారు ఇంటిని దీవించడానికి వచ్చి ఖాళీ స్థలాన్ని దీవించి వెళ్ళారు.

వేడుక పెరిగేకొద్దీ దానికి క్రమశిక్షణ అవసరమైంది. మోసేవాళ్ళకు ఎర్ర చొక్కాలు, దినకూలి, మెడలో "అధికారిక భుజం" అనే కార్డు ఇచ్చారు. వాళ్ళకు పెద్ద నిసెఫోరో. చిన్నప్పుడు లోలా చేతి జావ తాగి పెరిగినవాడే. కార్డు లేని భుజం పెడితే జరిమానా. దర్జీ హొనోరాటో అలవాటు కొద్దీ ఒక చెయ్యి వేసి, ఆ చేతికి మూల్యం చెల్లించాడు. తక్కిన ఊరు తాడుకు ఇవతల నిలబడి ఫోన్లు పట్టుకోవడం నేర్చుకుంది. నేర్చుకోవడానికి ఎంతో సేపు పట్టలేదు.

తుఫాను బుధవారం వచ్చింది. అది శనివారం కాకపోవడం తుఫాను తప్పు. ఆ వారం ఇల్లు నీటి అంచున ఉంది. మేయరు గారు ఐకమత్య పురస్కారం అందుకోవడానికి రాజధానికి వెళ్ళారు.

లోలా వానలో బయల్దేరి, పూర్వపు పద్ధతిలో గడప గడపకూ వచ్చింది. "భుజం ఖాళీయేనా?"

"నా భుజం ఎప్పుడూ నీదే లోలా," అన్నాడు హొనోరాటో. "కాని కార్డు లేదే! మళ్ళీ జరిమానా అంటే నా వల్ల కాదు."

నిసెఫోరో అప్పుడే ఎర్ర చొక్కా ఉతికి వసారాలో ఆరేస్తున్నాడు. "మేయరు సంతకం లేకుండా ఎత్తితే నా కార్డు పీకేస్తారు లోలా. శనివారం పొద్దున్నే మొదటి పని నీదే, ఒట్టు."

"శనివారానికి ఎత్తడానికి ఇల్లుండాలి కదరా!"

"ఏం చెయ్యమంటావు మరి? రూలు."

"నీకు జావ పోసేటప్పుడు రూలు అడిగానట్రా?" అని, జవాబు కోసం ఆగకుండా నా దగ్గరకు వచ్చింది. నెరిసిన జుట్టు ముఖానికి అంటుకుపోయింది. "ఒరేయ్ మక్సిమినో, మైకు నీ చేతిలో ఉంది. పిలు."

నేను పిలిచాను. "లోలా సెగుందా అడుగుతోంది, భుజం ఖాళీయేనా?" అని రెండుసార్లు అన్నాను. మూడోసారి అనబోతే గావినా మైకు లాక్కుంది. హోటళ్ళలో అతిథులు వాన వల్ల విసిగిపోయి ఉన్నారని ఆమెకు గుర్తొచ్చింది. "ప్రియమైన అతిథులారా! ఈ రోజు ఒడ్డున ప్రత్యేక ప్రదర్శన!" అని చక్కని గొంతుతో ప్రకటించింది. నాకు ఒళ్ళు మండింది. కార్యాలయపు మైకు దగ్గర ఒళ్ళు మండటానికి వీల్లేదు గనుక బయటికొచ్చి మండాను.

ఊరు ఊరంతా వచ్చింది. గొడుగుల కింద అతిథులు, చూరుల కింద మావాళ్ళు. అంతమంది నిజంగా భుజం పెడితే ఆ ఇంటిని కొండ మీదికి చేర్చి దింపవచ్చు. కాపలావాడు అంత వానలోనూ శ్రద్ధగా తాడు కట్టాడు. ఒక అతిథి, పాపం, విషయం అర్థమైందో ఏమో, చెప్పులు విడిచి ముందుకొచ్చాడు. కాపలావాడు ఈల వేశాడు. అతిథి సిగ్గుపడి వెనక్కి వెళ్ళి చెప్పులు తొడుక్కున్నాడు. ఇల్లు వదలనని లోపలికి వెళ్ళి కూర్చున్న లోలాను బయటికి లాక్కొచ్చింది నేనూ హొనోరాటోనూ. మనుషుల్ని లాగడానికి కార్డు అక్కర్లేదని అప్పుడే తెలిసింది.

తాడు అవతలి నుంచి లోలా అందరి ముఖాల్లోకి చూసి అడిగింది. "భుజం ఖాళీయేనా?"

చేతులన్నీ పైకి లేచాయి. ప్రతి చేతిలోనూ ఫోను.

అప్పుడో పెద్ద అల వచ్చి గుంజల కిందికి దూరింది. ఇల్లు మెల్లగా, ఎంతో మర్యాదగా లేచింది. ఒక్క కుదుపు లేదు. కిటికీ రెక్క రెండుసార్లు ఊగింది, గావినా కోరుకున్నట్టుగానే. తర్వాత అది సముద్రం వైపు తిరిగి వెళ్ళిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. ఇంత బాగా ఎప్పుడూ జరగలేదని పాత అతిథులు కొత్త అతిథులకు చెప్పారు.

"ఆ అలను ఎవరూ కార్డు అడగలేదు చూశావా," అంది లోలా, నీళ్ళ వైపు చూస్తూ. ఆ మాట ఎవరికోసం అందో నిసెఫోరోకు తెలుసు. అతను చొక్కా తీసి చంకలో పెట్టుకుని ఇంటికెళ్ళాడు. శనివారం మళ్ళీ తొడుక్కున్నాడు.

మేయరు గారు పురస్కారంతో తిరిగొచ్చి, మన ఐకమత్యంలో ఇప్పుడు సముద్రం కూడా భాగస్వామి అయిందని ప్రసంగించారు. అదే నీటి అంచున అలాంటిదే కొత్త వెదురు ఇల్లు సంఘం కట్టించింది. తుఫాను నెలల్లో టిక్కెట్టు ధర కొంచెం ఎక్కువ. లోలా అందులో కాలు పెట్టనంది. తన కోడి ఎప్పుడో ఎంచుకున్న చోటే నయమని హొనోరాటో కొట్టు వెనక గదిలో ఉంటోంది.

చివరిగా ఒక ముఖ్య సూచన. మీరు పడవ దిగగానే రేవులో ఒక ముసలావిడ మీకు ఎదురొచ్చి, మీ కళ్ళలోకి చూసి, "భుజం ఖాళీయేనా?" అని అడుగుతుంది. ప్రతి పడవకూ వస్తుంది, ప్రతి ఒక్కరినీ అడుగుతుంది. కంగారు పడనవసరం లేదు. అది మా ప్రాంతపు పలకరింపు అని కార్యాలయం ప్రకటించింది. నవ్వి చెయ్యి ఊపి ముందుకు నడవండి. ఇక్కడ మేమందరం చేసేది అదే.