జంట సర్వర్ల సింహాసన కలహము

సూర్యుడు సైతము చేతులు జేబులలో దోపుకొనక ఉదయింపజాలని చలికాలమున, హిమధవళ పర్వతపంక్తుల నడుమ, గడ్డకట్టిన నదీతీరమున వెలసిన నారిన్ పట్టణంబునందు, ఫిబ్రవరి మాసపు గురువారమునాడు, జనులు మాంసపు చారు త్రాగి నూనెలో వేచిన బోర్సోకు రొట్టెముక్కలు నమలి ఆవులించు అపరాహ్ణవేళ జరిగిన మహాసంగ్రామమును చెప్పెద, వినుడు.

ఆ పట్టణపు అంబులెన్సు కార్యాలయమున సర్వర్లు రెండు గలవు. పెద్దది మేడమీద కొలువై, ప్రతి ఫోనునకును, ఉన్న నాలుగు బండ్లలో దేనిని ఎటు పంపవలెనో ఆజ్ఞాపించును. చిన్నది వీధికి ఆవలనున్న గిడ్డంగిలో యువరాజై కూర్చుండి, తీగవెంట వచ్చు అన్నగారి గుండెచప్పుడును అనుక్షణము చెవియొగ్గి వినుచుండును. చప్పుడాగినచో అన్న గతించెనని యెంచి రాజ్యభారము వహింపవలె. ఈ ఏర్పాటు గావించిన వీరాంగన మీరిమ్, ముప్పదియొక్క యేండ్ల కంప్యూటరు నిర్వాహకురాలు, త్రిస్వెట్టరు కవచధారిణి.

నాటి ఉదయమున మంచుబరువునకు వీధితీగ తెగెను. అన్న చావలేదు, చప్పుడు మాత్రమే ఆగెను. తమ్ముడు కన్నీటిబొట్టైనను రాల్చక కిరీటము ధరించెను. ఒకే సైన్యమునకు ఇద్దరు రాజులై, ఒక్కొక్క పిలుపునకు ఇద్దరును చెరియొక బండిని పంపజొచ్చిరి. తత్ఫలముగా, రక్తపుపోటు పెరిగిన అనార్కాన్ అవ్వ గుమ్మము ముందర రెండు అంబులెన్సులు ముట్టెలు ఆనించుకొని నిలిచెను. అవ్వ కర్రనూని బయటికి వచ్చి, "నేనున్నది ఒక్కదాన్నే గదరా, సగం సగం మోసుకుపోతారా?" అనెను.

నవ్వు అంతటితో సరి. మిగిలిన రెండు బండ్లు వేరుపనులమీద నుండుటచే, కొండపల్లెలో నొప్పులు పడుచున్న ఇల్లాలికి బండి నలుబది నిమిషములు ఆలస్యముగ జేరెను. శిశువు అప్పటికే పొరుగింటి పశువైద్యుని చేతులలో పుట్టెను. తల్లీబిడ్డలు క్షేమము, పశువైద్యుడే మూర్ఛిల్లెను.

ఈ వార్త తెచ్చినది ఇరువది యేండ్లుగ టెలిఫోను పీఠము నేలుచు, చిన్నవారందరిచేతను 'ఎజె', అనగా అక్క, యని పిలువబడు తుర్సునాయ్. "మీరిమ్, నీ పిల్లలిద్దర్నీ కొట్టుకోకుండా కూర్చోబెట్టమ్మా. వచ్చేస్తోంది, వచ్చేస్తోంది అని ఆ తల్లికి నాలుగుసార్లు అబద్ధం చెప్పాను."

మీరిమ్ ముఖము పాలిపోయెను. "తప్పు నాదే ఎజె. చప్పుడు వినబడకపోతే చచ్చినట్టేనని దానికి నేర్పింది నేనే."

తీగ అతికిరి. ఐనను మీరిమ్ ప్రతిన పూనెను: ఇకమీదట మూడవ కంప్యూటరొకటి సాక్షియై నిలువవలె; దాని సమ్మతి లేనిదే ఏ సోదరుడును కిరీటము ముట్టరాదు. ఐతే ఆ కార్యాలయమున మిగిలిన కంప్యూటరు ఒక్కటే. అది డైరెక్టరు కుబాన్ గదిలో, ఏడేండ్లుగ చదరంగమునకు అంకితమై యుండెను.

"బాయికే, మీ కంప్యూటర్ కావాలి," అనెను మీరిమ్, పెద్దన్నా యని పిలుచు మర్యాదతో.

"ఎంతసేపు?"

"ఎప్పటికీ."

కుబాన్ టీగిన్నె దించెను. "తీగ అతికించేశారుగా. నడుస్తున్నదాన్ని కెలకడం దేనికి?"

"మళ్ళీ మంచు పడుతుంది."

"పడ్డప్పుడు చూద్దాంలే."

"పొద్దున అలాగే చూశాం. ఈసారి పశువైద్యుడు ఊళ్ళో లేకపోతేనో?"

ఆ ప్రశ్నాస్త్రము డైరెక్టరు వక్షమున సూటిగ నాటుకొనెను. ఆయన తెరపై చదరంగమువైపు చూచి గొణిగెను. "ఇంకో మూడెత్తుల్లో గెలిచేవాణ్ణి."

"మీ మంత్రి పోయి గంటయింది బాయికే. గుమ్మంలోకి కనబడుతోంది."

కుబాన్ స్వహస్తముతో తీగలు ఊడబెరికెను. "పట్టుకుపో. నా పరువు కూడా పట్టుకుపో."

సాక్షిని ఇరుభవనములకును దూరముగ, డ్రైవర్ల గరాజునందు, వేరొక తీగతో ప్రతిష్ఠించిరి. మీరిమ్ వేళ్ళు కొంకర్లుపోవ రెండుగంటలు నియమావళి లిఖించెను. మొదటి పరీక్షకు గుండెచప్పుడు తీగ మాత్రమే లాగగా, తమ్ముడు వెనువెంటనే కిరీటమునకు చేయిచాచెను. లిపిలో ఒక చుక్క తప్పిపోయినది. చుక్క పెట్టి మరల లాగెను. ఈమారు తమ్ముడు సాక్షినడిగెను. అన్న సజీవుడేనని సాక్షి పలికెను. తమ్ముడు బుద్ధిగ కూర్చుండెను.

ఇక మిగిలిన రెండవ పరీక్ష అగ్రజవధ. సర్వర్లు రెండును మూగవోయినచో పిలుపులు చేతితో వ్రాసికొనుటకై, తుర్సునాయ్ ముందుజాగ్రత్తగ కాగితము పరచి పెన్సిలు చేతబట్టెను. మేడమీద మీరిమ్, తాను నాలుగేండ్లు దుమ్ముతుడిచి, వేసవిలో తన పంకా వానికిచ్చి, పేరుపెట్టి పిలిచి పెంచిన అగ్రజుని విద్యుత్ తీగపై చేయివేసి, కన్నులు మూసి, ఒక్క ఊపున లాగెను. పంకాలు ఆగెను. ఒకటి, రెండు, మూడు లెక్కించుచు నిలిచెను. తొమ్మిదవ క్షణమున ఆమె చేతిఫోను మెరసెను: తమ్ముడు సింహాసనమెక్కెను.

మీరిమ్ మెట్లు రెండేసి చొప్పున దిగివచ్చెను. తుర్సునాయ్ అపుడే ఫోను పెట్టి, "ఎప్పుడు మొదలెడతావమ్మా? పెన్సిలు పట్టుకుని చెయ్యి లాగేస్తోంది," అనెను.

"అయిపోయింది ఎజె."

"ఏమయిపోయింది?"

"అదే."

పర్వతములారా, దిక్కులారా, ఆలకింపుడు. ఆ సాయంకాలము నారిన్ పట్టణమున, మంచుపై జారి చీలమండ విరిగిన ఒక లెక్కల పంతులుగారి ఇంటికి అంబులెన్సు పోయెను. ఒక్కటే పోయెను.