దేర్‌ఫోర్ తర్వాత మాట్లాడరాదు

మహాజనులారా! మనిషి కనిపెట్టిన వాటిలో చక్రం గొప్పదంటారు, నిప్పు గొప్పదంటారు. ఉత్తమాట! గొప్పది 'దేర్‌ఫోర్'. తెలుగులో 'అందుచేత' అని చూడండి, 'ఎందుచేత?' అని ఎవడో ఒకడు అడ్డుతగులుతాడు. దేర్‌ఫోర్ అంటే ఎవడూ అడగడు. అడిగితే ఇంగ్లీషు రాదనుకుంటారు!

మా అపార్ట్‌మెంటు ప్రెసిడెంటుగారు రిటైరైన ఆఫీసరు. మీటింగులో ఆయన దేర్‌ఫోర్ అన్నారంటే చర్చ ముగిసినట్టే. ఆ తర్వాత నోరెత్తకపోవడం మా ఆచారం.

ఈమధ్య లిఫ్ట్ ఆగిపోయింది. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళలేక ఐదో అంతస్తులో ఖైదీ అయిపోయారు. ఇవాళ తాడో పేడో తేల్చేస్తానని ఆవిడకి మాటిచ్చి మీటింగుకి దిగాను.

"లిఫ్ట్ చెడిపోయింది. మెకానిక్ ఊళ్ళో లేడు. దేర్‌ఫోర్, గేటుకి రంగు వేయిద్దాం!" అన్నారు గ్రౌండ్ ఫ్లోర్లో ఉండే ప్రెసిడెంటుగారు.

అందరం తలలూపాం. నాది కాస్త ఎక్కువే ఊగింది.

తర్వాతి మీటింగు ప్రెసిడెంటుగారి హాల్లో. మధ్యలో తలుపు తెరుచుకుంది. మా అత్తగారు! మెట్టు మెట్టుకీ కూర్చుంటూ దిగొచ్చారట. తిన్నగా వెళ్ళి ఆయన సోఫాలో కూలబడ్డారు.

"మోకాళ్ళు పనిచెయ్యవు. లిఫ్టూ పనిచెయ్యదు. మళ్ళీ పైకి ఎక్కలేను. దేర్‌ఫోర్, ఇక్కడే ఉంటాను తమ్ముడూ!"

ప్రెసిడెంటుగారు ఎగిరిపడ్డారు. "ఇదెక్కడి పద్ధతమ్మా! మీ దేర్‌ఫోర్‌కి ముందు మాటకీ వెనక మాటకీ సంబంధం ఉంది! మన అసోసియేషన్లో ఇంటావంటా లేదిది!"

"దేర్‌ఫోర్ అన్నాక మాట్లాడకూడదు కదండీ," అని గొణిగారు రెండో అంతస్తు పళ్ళ డాక్టరుగారు.

అత్తగారు కాళ్ళు చాపుకుని, "టీవీ రిమోట్ ఎక్కడమ్మా?" అని ప్రెసిడెంటుగారి భార్యని అడిగారు.

ఊళ్ళో లేని మెకానిక్, ఆవిడ చూస్తున్న సీరియల్ అవకముందే వచ్చేశాడు! లిఫ్ట్ కదిలింది. అత్తగారు లేచారు. ప్రెసిడెంటుగారికి ప్రాణం లేచొచ్చింది.

"ఇకమీదట దేర్‌ఫోర్ అనే హక్కు ప్రెసిడెంటుకే ఉండాలి. ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి!" అన్నారు.

అందరూ ఎత్తారు. అందరికంటే ముందు లేచిన చెయ్యి నాదే.

అత్తగారు ఆ చేతివంక ఒక్కసారి చూసి, లిఫ్టెక్కి, నేను పరిగెత్తేలోపే తలుపు వేసేసుకున్నారు.