పరాయి దేశపు కుళాయి

ఏ దేశమైనా అంతర్జాతీయ క్రీడా పోటీలు పెట్టుకోవచ్చు, అది ఆ దేశం ఇష్టం. అవి సరిగ్గా జరగడం లేదని కనిపెట్టడం మాత్రం మిగతా దేశాల పవిత్ర బాధ్యత. ఈ బాధ్యతను మా దినపత్రిక ఎంత నిష్ఠగా నెరవేర్చిందో రాబోయే తరాలకు తెలియాలి కాబట్టి, ఆ పోటీలు జరిగిన పద్నాలుగు రోజులూ ప్రజాభిప్రాయ విభాగానికి అధిపతిగా ఉన్న నేనే ఈ చరిత్ర రాస్తున్నాను. (విభాగంలో ఉన్నది నేనొక్కణ్ణే. అయినా అధిపతి లేని విభాగం ఉండకూడదని నియమం.)

ముందు మా పద్ధతి చెప్పాలి. ప్రజాభిప్రాయం అంటే ప్రజలు అనుకునేది అని కొందరు పొరబడుతుంటారు. అది రోజూ పొద్దున పదకొండు గంటల మీటింగులో తయారవుతుంది. మధ్యాహ్నం నేను మెట్లు దిగి వీధిలోకి వెళ్లి, దాన్ని ప్రజల దగ్గర సేకరించుకొస్తాను. ఇందుకు అచ్చు వేయించిన ఫారం ఉంది. పేరు, వృత్తి, ఆ తర్వాత 'ఆ దేశం చేసిన ఏర్పాట్లపై మీ అసంతృప్తి' అని ఉండి, ఎదురుగా మూడు గళ్లు: తీవ్రం, అతి తీవ్రం, మాటల్లో చెప్పలేనంత. పాత ఫారంలో 'లేదు' అనే నాలుగో గడి కూడా ఉండేది. కాగితం వృథా అవుతోందని తీసేశారు.

ప్రజలు మొత్తం ఆరుగురు. వీధి చివర సెలూన్ ఆయన, ఇస్త్రీ ఆయన, మందుల షాపావిడ, సైకిళ్లు బాగుచేసే ఆయన, ఇద్దరు రిటైరైన ఉద్యోగులు. వీళ్ల ఫొటోలు మా దగ్గర ముందే ఉన్నాయి, కోపంగా ఒకటి, గర్వంగా ఒకటి. అందరూ సహకరించేవాళ్లే గానీ, సెలూన్ ఆయన మాత్రం మొదటి మూడు రోజులూ పేచీ పెట్టాడు.

"టీవీలో చూశాగా సార్, బాగానే చేస్తున్నారు కదా!" అన్నాడు ఎవరికో గడ్డం గీస్తూ.

"అలా అంటే ఎలా? ప్రజలంతా అసంతృప్తిగా ఉన్నారు."

"మరి నేనెవర్ని సార్?"

నాలుగో రోజు ఆయన్ని ప్రజల్లోంచి తీసేసి, ఆయన బావమరిదిని వేసుకున్నాం.

ఇక కుళాయి సంగతి. మా ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా ప్రూఫులు దిద్దే ఆవిణ్ణి అందరం ప్రూఫక్క అంటాం. ఆవిడ కూతురు నడుస్తుంది. మీరూ నేనూ నడిచినట్టు కాదు, ఇరవై కిలోమీటర్ల నడక పోటీల్లో నడుస్తుంది. (అందులో పరుగెత్తకూడదు. రెండు పాదాలూ ఒకేసారి నేల విడిచాయంటే ఎర్ర కార్డు చూపిస్తారు. ఆ నియమం మా వార్తలకు లేకపోవడం మా అదృష్టం.) ఆ పిల్ల సొంతంగా అర్హత సంపాదించుకుని ఆ పరాయి దేశం వెళ్లింది. పోటీలకు ముందురోజు దిగగానే, తనకిచ్చిన గదిని ఫోన్లో వీడియో తీసి తల్లికి పంపింది. ప్రూఫక్క మురిసిపోయి భోజనాల వేళ అందరికీ చూపించింది. మంచం, బల్ల, కిటికీలోంచి ఒక చెట్టు, స్నానాల గది. ఆ స్నానాల గదిలో, పద్నాలుగో సెకను దగ్గర, కుళాయి నుంచి ఒక బొట్టు జారింది.

మా ఎడిటర్ గారి చేతిలో ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"ఆపమ్మా. వెనక్కి తిప్పు" అన్నారు.

మర్నాడు మొదటి పేజీలో ఐదు కాలమ్‌ల వార్త: 'కారుతున్న క్రీడాగ్రామం'. రెండో రోజు: 'బొట్టు బొట్టుకూ పోతున్న పరువు'. మూడో రోజు ఒక రిటైరైన ఇంజనీరు గారు, ఆ కుళాయి పద్నాలుగు రోజులూ అలాగే కారితే ఎన్ని ఏనుగులకు తలంటు పోయవచ్చో లెక్క కట్టి ఇచ్చారు. నాలుగో రోజు ఏకంగా సంపాదకీయమే. అది రాసి ముగించిన ఎడిటర్ గారు చేతులు కడుక్కోవడానికి లేచి, మా వాష్‌బేసిన్ కింద బకెట్టు నిండిపోయి ఉంటే కాలితో పక్కకు జరిపి, కడుక్కుని వచ్చారు. (మా కుళాయి కారడం మొదలై నాలుగేళ్లయింది. బకెట్టు పారబోయడానికి డ్యూటీ చార్టు ఉంది. సోమ, గురువారాలు నావి. వాళ్లది వైఫల్యం, మాది ఏర్పాటు.)

ప్రూఫక్కకి ఈ గొడవేదీ పట్టలేదు. ఆవిడ మనసంతా రెండు వాక్యాల మీదుంది. ఎనిమిదో రోజు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"తమ్ముడూ, రేపు పొద్దున్నే దాని పోటీ. ఎన్నో స్థానం వచ్చినా సరే, స్థానం, సమయం రెండూ పేపర్లో పడేలా చూడు. నడక సంఘం వాళ్లకి కటింగ్ కావాలట. అది లేకపోతే వచ్చే ఏడాది శిక్షణ శిబిరంలోకి రానివ్వరు. ఆరేళ్ల నుంచి ఒక్కతే రోడ్లమీద సాధన చేసుకుంటోంది. ఇంకెన్నాళ్లని?"

"నేను చూసుకుంటాగా అక్కా" అన్నాను.

మర్నాడు ఆ పిల్ల నడుస్తున్న సమయానికి మా ఆఫీసు టీవీలో కుళాయి మీద చర్చ నడుస్తోంది. అందుకని ప్రూఫక్క ఫోన్లోనే చూసింది. చుట్టూ మేం నలుగురం తలలు దూర్చాం. నలభై ముగ్గురిలో ఐదో స్థానం. గంటా ఇరవై తొమ్మిది నిమిషాల నలభై సెకన్లు. మనవాళ్లెవరూ అంతకు ముందు ఇరవయ్యో స్థానం దాటి పైకి రాలేదు. చివరి చుట్టులో ప్రూఫక్క కుర్చీలోంచి లేచి నిలబడింది, ఫోను రెండు చేతులతో పట్టుకుని. పిల్ల గీత దాటాక మళ్లీ కూర్చుని ఏడ్చేసింది. నాకూ కళ్లు చెమర్చాయి. ఈ ఒక్క వాక్యంలో వెటకారం లేదు.

కళ్లు తుడుచుకుని వార్త రాయబోతే నాలుగో నియమం అడ్డొచ్చింది. పరాయి దేశపు పోటీల గురించిన ఏ వార్తయినా ఆ దేశపు లోపంతోనే మొదలవాలి. లోపం లేని వార్తను లోపమున్న వార్తగా పరిగణించి పక్కన పడేస్తారు. పేజీ నాలుగింటికి మూసేస్తారు. రెండున్నరకి ఆ పిల్లకి ఫోన్ కలిపాను.

"శభాష్ అమ్మాయ్! కాళ్లెలా ఉన్నాయి?"

"ఉన్నాయి మామయ్యా, నావేనా కాదా అన్నట్టున్నాయి."

"సరే గానీ, అక్కడ నీకేమైనా ఇబ్బందయిందా?"

"లేదే! బాగా చూసుకుంటున్నారు."

"తిండి?"

"బాగుంది."

"బస్సు ఆలస్యంగా వచ్చిందా?"

"రెండు నిమిషాలు ముందే వచ్చింది."

"ముందే వచ్చిందా?" ఆశగా కాగితం మీద రాసుకున్నాను. "దాంతో నువ్వు కంగారు పడిపోయి..."

"కంగారెందుకు మామయ్యా, ఎక్కి కూర్చున్నా."

"పోనీ ఆ కుళాయి? ఆ చప్పుడుకి నిద్ర లేకుండా..."

"ఏ కుళాయి?"

తొమ్మిది రోజులుగా దేశం దేశమంతా దాని గురించే మాట్లాడుకుంటోందని ఆ పిల్లకి ఎలా చెప్పడం? "అదేనమ్మా, నీ గదిలో కారుతోందే, అది" అన్నాను.

"ఓ, అదా! దిగిన రోజే బిగించేశా. వాషర్ అరిగిపోయింది, అంతే. కింద కాపలా తాతనడిగితే పానా ఇచ్చాడు. వాళ్లకి చెబితే వాళ్లే వచ్చి చేసేవాళ్లు. ఇంత చిన్న పనికి చెప్పడం కూడా ఎందుకని నేనే చేసేశా. ఇంట్లో కూడా నేనేగా చేసేది."

ఫోన్ పెట్టేసి ఈ సంగతి ఎడిటర్ గారి చెవిన వేశాను. తొమ్మిది రోజుల వార్తలు మొదటి సాయంత్రానికే తప్పయిపోయాయి కదా, ఆయన తల పట్టుకుంటారనుకున్నాను. ఆయన అర నిమిషం కళ్లు మూసుకుని, వెలిగిపోతూ తెరిచారు.

"అంటే అంత పెద్ద దేశానికి చేతకానిది మన పిల్ల చేసి చూపించింది!"

"సార్, ఐదో స్థానం కూడా వచ్చింది."

"పెట్టవయ్యా, చివరి పేరాలో పెట్టు. ఎవరొద్దన్నారు?"

శీర్షిక 'పరాయి కుళాయికి మన బిగింపు'. ఎడమవైపు కుళాయి ఫొటో. కుడివైపు ప్రజలు ఆరుగురూ, గర్వంగా ఉన్న ఫొటోలతో. మందుల షాపావిడ 'ఈ రోజు నా ఒళ్లు పులకరించింది' అంది (పదకొండు గంటల మీటింగులో కాదు, ఈ అభిప్రాయం మూడుంపావుకి ప్రత్యేకంగా తయారైంది). అంతా సర్దేసరికి చివరి పేరాకి చోటు చాల్లేదు. ఇస్త్రీ ఆయన గర్వాన్ని తీసేస్తే ఆ రెండు వాక్యాలూ హాయిగా పట్టేవి. కానీ ప్రజలు ఆరుగురికి తగ్గకూడదని నియమం, ఆ నియమం నా విభాగానిది. ఆరుగురినీ లెక్కపెట్టి పేజీ పంపేశాను. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పేజీ ప్రూఫుకి వెళ్లింది. ప్రూఫు చూసేవాళ్లు అక్షరాలు దిద్దాలి తప్ప విషయం జోలికి పోకూడదు. ఇరవై రెండేళ్లలో ప్రూఫక్క ఆ గీత దాటలేదు. ఆ సాయంత్రం మాత్రం మార్జిన్లో ఎర్ర పెన్నుతో, గుండ్రటి అక్షరాలతో రాసింది: 'ఐదో స్థానం. 1 గం. 29 ని. 40 సె. ఇక్కడ చేర్చాలి.'

ఎడిటర్ గారు కాగితం పట్టుకుని ఆవిడ బల్ల దగ్గరికే వెళ్లారు. మనిషి మంచివారే.

"అమ్మా, ఇది అచ్చుతప్పు కాదు కదా?"

"కాదండీ."

"మరి?"

ఆవిడ ఆ రాతని తనే కొట్టేసి, కింద సంతకం పెట్టి ఇచ్చేసింది.

పిల్ల తిరిగొచ్చాక మా ఆఫీసులోనే సన్మానం చేశాం. కుళాయి ఆకారంలో జ్ఞాపిక చేయించాం. ఉపన్యాసాలయ్యాక ఎడిటర్ గారు మొహమాటపడుతూ, పనిలో పనిగా మా వాష్‌బేసిన్ వైపు చూపించారు. ఆ పిల్ల నవ్వి, పానా తెప్పించుకుని రెండు నిమిషాల్లో బిగించేసింది. బకెట్టు ఎత్తేశాం. డ్యూటీ చార్టు మాత్రం ఇంకా గోడ మీదే ఉంది, సోమ, గురువారాలు నేను వెళ్లి చూసి వస్తుంటాను.

నెల తర్వాత నడక సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. ప్రూఫక్క మా కటింగుతో పాటు, పోటీ నిర్వాహకులిచ్చిన ఫలితాల పత్రం కూడా పంపింది. వాళ్ల జవాబు మర్యాదగానే ఉంది. 'కటింగులో నడక ప్రస్తావన కనబడలేదు. ఫలితాల పత్రం ఆ దేశం ఇచ్చినది. ఒక కుళాయి కూడా సరిగా పెట్టుకోలేని దేశమని తమ పత్రికే తొమ్మిది రోజులపాటు వివరించి ఉన్నది. అటువంటి దేశపు గడియారాలను నమ్మడం కష్టము. కావున దరఖాస్తును పరిశీలించలేకపోతున్నాము.'

ఆ ఉత్తరం పట్టుకుని ఎడిటర్ గారి దగ్గరికి పరుగెత్తాను. ఇప్పుడైనా రెండు వాక్యాలు వేద్దామన్నాను. ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. "అయ్యో, పాతబడిపోయిందే!" అన్నారు.

ఈసారి ఆ పోటీలు మన దేశంలోనే జరుగుతున్నాయి. నాలుగో నియమాన్ని తాత్కాలికంగా నిలిపివేశారు. కొత్త ఫారంలో గళ్లు: తృప్తి, పరమ తృప్తి, మాటల్లో చెప్పలేనంత. సెలూన్ ఆయన్ని క్షమించి మళ్లీ ప్రజల్లోకి తీసుకున్నాం. "ఏర్పాట్లేం బాగాలేవు సార్" అన్నాడు. మళ్లీ తీసేశాం.

ప్రూఫక్క కూతురికి నిర్వాహకుల దగ్గర్నుంచి పిలుపొచ్చింది. మా కటింగు చూసే ఎంపిక చేశారట. మెడలో నీలం కార్డు, దానిమీద 'కుళాయిల పర్యవేక్షకురాలు' అని ఉంటుంది. నాలుగు వందల గదులు ఆ పిల్ల బాధ్యత. గది నుంచి గదికి చాలా వేగంగా నడుస్తోందని అందరూ మెచ్చుకుంటున్నారని ప్రూఫక్క చెప్పింది.

ఇరవై కిలోమీటర్ల నడకలో మాత్రం మన తరఫున ఎవరూ లేరు. దీనిపై ప్రజల్లో తీవ్రమైన ఆవేదన ఉందని నిన్న పదకొండు గంటల మీటింగులో తేలింది. 'ఇంత పెద్ద దేశంలో నడవడానికి ఒక్కరూ దొరకలేదా?' అనే ప్రశ్నతో ప్రత్యేక ఫారం మధ్యాహ్నమే అచ్చుకి వెళ్లింది. ప్రూఫు ప్రూఫక్కే చూసింది. అచ్చుతప్పులు లేవని కింద సంతకం పెట్టి ఇచ్చింది.