కాజూభాట్‌లో మధ్యాహ్నం గంట

ఆ మంగళవారం సాంతాన్ రెబెల్లో వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం చేపలకూర అన్నం తిని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నడుం వాల్చకుండా ఉండి, కాజూభాట్ వాడంతా గుర్రు పెడుతున్న వేళ తన వరిమడిని క్యాసినో కంపెనీ వాళ్ళ చేత కొలిపించుకోవడం. అంతే.

చాటుగా చేయాల్సిన పనికి తక్కిన లోకమంతా అర్ధరాత్రిని ఎంచుకుంటుంది. గోవాలో అలాంటి తెలివితక్కువ పని ఎవరూ చేయరు. రాత్రయితే సగం వాడ అరుగుల మీద కూర్చుని పక్కవాళ్ళ కొంపల గురించి మాట్లాడుకుంటూ ఉంటుంది. అదే మధ్యాహ్నం రెండింటికైతే కొట్లు మూసి, కిటికీలు బిగించి, పందులు సైతం నీడ చూసుకుని పడుకుంటాయి. ఆ వేళ ఊరేగింపు నడిపినా సాక్షి దొరకడు.

ఇంత చాటు ఎందుకంటే, సాంతాన్ క్యాసినో వ్యతిరేక పోరాట సమితికి అధ్యక్షుడు. నదిలో ఓడల మీద సాగుతున్న జూదాన్ని గట్టు మీదికి తేవాలని పెద్దలు ఎప్పుడో తేల్చేశారు. ఏ గట్టు మీదికి అన్న దగ్గరే తగువొచ్చింది. కొండ మీద అంటే కొండవాళ్ళు లేచారు. విమానాశ్రయం దారిలో అంటే ఆ దారివాళ్ళు లేచారు. చివరికి పణజీ నగరం పెరుగుతూ పెరుగుతూ వచ్చి ఆగిన కాజూభాట్ వరిమళ్ళ మీద అందరి కళ్ళూ పడ్డాయి. నగరాభివృద్ధి పటం ఒకటి బయటికొచ్చింది. అందులో మళ్ళన్నీ పచ్చరంగు పూసిన ఉద్యానవనాలు, సైకిలు దారులు. నడుమ ఒక తెల్లటి పెట్టె, దాని పేరు వినోద సముదాయం. ఆ పటం వేసినవాడికి వరి కూడా పచ్చగానే ఉంటుందని ఎవరూ చెప్పలేదు కాబోలు.

పటం వచ్చిన ఆదివారమే సాంతాన్ వాడలోని చిన్న చర్చి, చాపెల్ ముందు నిలబడి గొంతు చించుకున్నాడు. "వాళ్ళు యంత్రాలతో ఎప్పుడొస్తారో తెలుసా? మనం పడుకున్నప్పుడొస్తారు! అందుకే చెప్తున్నా. మధ్యాహ్నం వేళ చాపెల్ గంట మోగిందంటే మన నేల మీద చెయ్యి పడ్డట్టే. ఆ గంట విని కూడా మంచం దిగనివాడు కాజూభాట్‌లో పుట్టినవాడు కాదు!" జనం చప్పట్లు కొట్టారు. ఆ మాట తనకే చుట్టుకుంటుందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

ఆ తరవాత నెలన్నర తిరక్కుండానే కంపెనీ మనిషి తల్వార్ వచ్చి, మడి ఇస్తే బదులుగా నది అవతల పర్వరీలో రెండు గదుల ఫ్లాటు ఇస్తామన్నాడు. సాంతాన్ వెంటనే ఒప్పుకోలేదు. భార్య పీదాద్ మాత్రం వెంటనే ఒప్పుకుంది. ఇంటి కప్పు మీద కోతులు పెంకులు ఎగరేస్తుంటే, వానకు పడకగదిలో గిన్నెలు పెడుతూ ఆమె ముప్పై ఏళ్ళు గడిపింది. లిఫ్టూ, రోజంతా నీళ్ళూ, ఏ కోతీ ఎక్కలేని కాంక్రీటు కప్పూ. అంతకుమించి ఆవిడ దేవుణ్ణి ఏమీ అడగలేదు. ఇక్కడి చట్టం ప్రకారం మొగుడి ఆస్తిలో సగం పెళ్ళానిదే. ఆమె సంతకం లేకుండా గజం నేల కూడా అమ్ముడుపోదు, ఆమె పోరు పడకుండా పూట కూడా గడవదు.

"వంటగదికి నీలంరంగు పలకలు చెప్పాను. నువ్వెళ్ళి ఆ కొలతల పనేదో కానిచ్చిరా," అంది పీదాద్, ఆ మధ్యాహ్నం చేపముల్లు తీస్తూ.

"ఎవరైనా చూస్తే?"

"అందరూ పడుకునుంటారయ్యా. నీ ఉపన్యాసం విన్నా లేవరు."

"చూశారే అనుకో. రేపు నేను పోతే శవపేటిక మొయ్యడానికి నలుగురు కూడా రారే!"

"ఫ్లాట్‌లో పోదువు గాని, లిఫ్టులో దింపుతారు. వెళ్ళు."

సాంతాన్ గొడుగు అడ్డం పెట్టుకుని మడి గట్టు మీదికి చేరాడు. తల్వార్ నల్లకళ్ళజోడుతో సిద్ధంగా ఉన్నాడు. వెంట ఇద్దరు కొలతగాళ్ళు, ఇద్దరూ ఢిల్లీ నుంచి ఆ వారమే దిగినవాళ్ళు. మడికి ఒక హద్దు చాపెల్ గోడ. ఆ గోడ మూల నుంచి అవతలి కాలువ దాకా ముందు తాడు లాగాలి. మూల దగ్గర తాడు కట్టడానికి రాయీ లేదు, మేకూ లేదు. పొట్టి కొలతగాడు అటూ ఇటూ చూశాడు. గోడ వెంబడి పైనుంచి ఒక లావుపాటి మోకు వేలాడుతోంది. గట్టిగా ఉంది. కొలతాడు కొస తీసుకెళ్ళి దానికి ముడేశాడు. కాలువ గట్టున ఉన్న పొడుగు కొలతగాడు తాడు బిగువుగా రావడానికి బలమంతా పెట్టి గుంజాడు.

పైన చాపెల్ గంట ఠంగుమంది.

పొడుగువాడికి తాడు ఇంకా వదులుగానే అనిపించింది. మళ్ళీ గుంజాడు. మళ్ళీ ఠంగుమంది. "ఆపండ్రా! సాయ్‌బా దేవుడా, ఆపండి!" అని సాంతాన్ అరిచాడు. ఆయన కొంకణీలో అరిచాడు, వాళ్ళకు హిందీ తప్ప రాదు. ముసలాయన త్వరపెడుతున్నాడనుకుని ఇద్దరూ కలిసి గుంజారు.

కాజూభాట్ మంచం దిగింది. కిటికీలు టపటపా తెరుచుకున్నాయి. నైటీల మీద తువ్వాళ్ళు కప్పుకున్న ఆడవాళ్ళు, లుంగీ ముడి ఒక చేత్తో పట్టుకున్న మగవాళ్ళు, చీపుళ్ళు, కొడవళ్ళు, ఒకరి చేతిలో చేపల పొలుసు తీసే కత్తి. వాడంతా ఒక్కసారే మడి మీద పడింది. అందరికంటే ముందు చాపెల్ పనులు చూసే బోస్త్యావ్, వెనకాలే రొట్టెలబట్టీ కెరుబిన్, కిరాణా కొట్టు గురుదాస్ కెర్కర్. ముగ్గురూ సమితి సభ్యులే, ముగ్గురికీ ఆ పక్కనే మళ్ళున్నాయి.

వాళ్ళకు కనిపించింది ఇది. మడి నడుమ కంపెనీ మనుషులు. వాళ్ళ కొలతాడు మీదికి వంగి, దాన్ని రెండు చేతులా పట్టుకుని పీకుతున్న తమ అధ్యక్షుడు. నిజానికి ఆయన ఆ ముడి విప్పడానికి పాట్లు పడుతున్నాడు.

"ఒక్కడే! ఒంటరిగా అడ్డుకున్నాడర్రా!" అని బోస్త్యావ్ ఎలుగెత్తాడు. "మనం పడుకుంటే ఆయన మన నేలకి కాపలా కాశాడు!"

సాంతాన్ కాదన్నట్టు చేతులు ఊపాడు. ఆ ఊపు కూడా వీరత్వం లాగే కనిపించింది. ఇద్దరు ముగ్గురు కలిసి ఆయన్ను భుజాలకెత్తుకున్నారు. పైకి లేచాక ఏదో ఒకటి అనక తప్పదు కదా, అలవాటైన గొంతు దానంతటదే బయటికొచ్చింది. "నా ప్రాణం పోయినా సరే, ఈ మడిలో పిడికెడు మట్టి కూడా ఇవ్వను!"

జనం కేక పెట్టారు. తల్వార్ మాత్రం మెల్లగా నవ్వాడు. బేరాల్లో తలపండినవాడు గనక అతనికి విషయం వెంటనే అర్థమైపోయింది, అంటే పూర్తిగా తప్పుగా అర్థమైంది. భుజాల మీంచి దిగిన సాంతాన్ చెవి దగ్గరికొచ్చి, "సరే బాబ్, మూడు గదులు," అన్నాడు, అయ్యా అనడానికి అక్కడి మాట వాడుతూ.

సాంతాన్ గుండె గంతేసింది. "రేపు మాట్లాడుకుందాం, ఇప్పుడు వెళ్ళిపోండి," అని గొణిగాడు. అంతలో కెరుబిన్, "ఏమంటున్నాడు వాడు?" అని గద్దించాడు.

"ఆశ పెడుతున్నాడు!" అన్నాడు సాంతాన్ గతిలేక. "మూడు గదులు కాదు, మూడు మేడలిచ్చినా ఇవ్వను!"

తల్వార్ తల పంకించాడు. మళ్ళీ చెవిలో, "మూడు గదులు, నది కనపడే బాల్కనీ."

"నది నాకెందుకు, నా కాలువ చాలు!" అని జనానికి వినబడేలా అరిచి, పెదవులు కదపకుండా, "మా ఆవిడతో చెప్తా," అన్నాడు సాంతాన్. ఈ తంతు ఇంకొంతసేపు సాగింది. ఆయన ఒక నినాదం ఇస్తే కంపెనీ ఒక సౌకర్యం కలిపేది. కారు పెట్టుకునే చోటు వచ్చింది, వంటగదికి పొగగొట్టం వచ్చింది. నినాదాలకు ఇంత గిరాకీ ఉంటుందని ఇన్నాళ్ళూ తెలియనందుకు ఆయనకు కొంచెం బాధ కూడా వేసింది.

ఈలోగా పీదాద్ జనాన్ని తోసుకుంటూ వచ్చి మొగుడి నడుం పట్టుకుని గిల్లింది. "నోరు మూస్తావా? నా వంటిల్లు పోతుంది!"

"బాల్కనీ కూడా వచ్చిందే," అని ఆయన గొణిగాడు.

"వస్తే అరవడం ఆపి ఇంటికి రా!"

గిల్లుడికి ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరో ఫోను పైకెత్తి వీడియో తీస్తున్నారు. "చూడండి, ఏడుస్తున్నాడు! నేల కోసం ఏడుస్తున్నాడు!" అంది గురుదాస్ భార్య, ఆమె కూడా కళ్ళు తుడుచుకుంటూ. ఇక ఎవరూ ఆగలేదు. ఆయన్ను చాపెల్ ముందున్న శిలువ దగ్గరికి నడిపించి, చెయ్యి దాని మీద పెట్టించారు. తాను గానీ, తన భార్య గానీ, తన తరవాత వచ్చేవాళ్ళు గానీ ఈ మడిని ఎవరికీ, ఎప్పటికీ, దేనికీ ఇవ్వబోమని ప్రమాణం చేయించారు. పీదాద్ చెయ్యి కూడా పట్టుకొచ్చి పెట్టారు. ఆమె ప్రమాణం చేస్తూ మొగుడి వైపు చూసిన చూపు వీడియోలో పడలేదు, అది ఆయన అదృష్టం.

ఆ రాత్రి వాడలో మూడు చోట్ల ఫేణీ సారా పోశారు. ఇంట్లో మాత్రం ఆయనకు మంచినీళ్ళు కూడా ఎవరూ పోయలేదు. వీడియో పణజీ అంతా తిరిగింది. ఇరవై ఏళ్ళుగా మాట్లాడని దాయాదులు ఫోన్ చేసి మెచ్చుకున్నారు. ఆయన శవపేటిక మొయ్యడానికి ఇప్పుడు వాడంతా పోటీ పడుతుంది. కానీ మొయ్యాల్సింది కోతులెక్కే ఆ పెంకుటింట్లోంచే.

"పోతే పోయింది, ప్రమాణం దేవుడికి చేశాం, కంపెనీకి కాదుగా," అంది పీదాద్ మర్నాడు పొద్దున. ఆలోచించగా ఆలోచించగా సాంతాన్‌కు కూడా అందులో న్యాయం కనిపించింది. దేవుడు దయగలవాడు, క్షమిస్తాడు. మూడు గదులు పోతే తనను తను క్షమించుకోలేడు.

ఆ మధ్యాహ్నం వాడ పడుకోగానే ఇద్దరూ వెనకసందు గుండా బయల్దేరి బస్సెక్కి, పణజీలో కంపెనీ కార్యాలయానికి వెళ్ళారు. పీదాద్ చర్చికి వేసుకునే మంచి గౌను వేసుకుంది. తలుపు తోసి చల్లటి గదిలోకి అడుగుపెట్టిన సాంతాన్ అక్కడే కొయ్యబారిపోయాడు.

వరుసగా వేసిన కుర్చీల్లో బోస్త్యావ్, కెరుబిన్, గురుదాస్, వాళ్ళ భార్యలు కూర్చుని ఉన్నారు. అందరి చేతుల్లోనూ మంచి కాఫీ ఉంది. నిన్న భుజం ఇచ్చింది బోస్త్యావే, దింపాక పక్కనే నిలబడ్డదీ అతనే. తల్వార్ సాంతాన్ చెవిలో ఊదిన ప్రతి గదీ, ప్రతి బాల్కనీ అతని చెవిలో కూడా పడింది. ఇంటికెళ్ళి అతను పెళ్ళానికి చెప్పాడు, ఆమె కెరుబిన్ భార్యకు చెప్పింది. తరవాత ఎవరు ఎవరికి చెప్పారో అడిగే పనిలేదు.

బోస్త్యావ్ కాఫీ కప్పు కింద పెట్టి, "బాబ్, మీరు కూడా నిరసన తెలపడానికే వచ్చారా?" అన్నాడు.

"ఆఁ, నిరసనకే," అన్నాడు సాంతాన్.

లోపలి గదిలోంచి తల్వార్ వచ్చాడు. సాంతాన్‌ను చూసి లేని గౌరవం తెచ్చుకుని, రెండు చేతులూ జోడించాడు. "బాబ్, మీ వీడియో మా పెద్దాయన చూశారు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఇంత నిజాయితీపరుడి జోలికి పోవద్దన్నారు. పటం మార్చేశాం. క్యాసినో, దాని దారులు అన్నీ వీళ్ళ మళ్ళలోనే వస్తాయి. మీ మడిని తాకం. చుట్టూ కంచె వేసి, సంప్రదాయ వరిసాగు అని పలక కూడా పెడతాం, వచ్చినవాళ్ళు చూసుకుంటారు. మీకు పైసా ఖర్చుండదు."

"అదికాదు బాబూ, ఆ బాల్కనీ..." అని సాంతాన్ మొదలుపెట్టాడు. గురుదాస్ భార్య ఆయన వైపే భక్తిగా చూస్తోంది. ఆయన అంతటితో ఆపి, తల్వార్‌కు దణ్ణం పెట్టాడు. పీదాద్ ఒక్కత్తే ఏమీ దాచుకోకుండా కుర్చీలో కూలబడి గట్టిగా ఏడ్చింది. అందరూ ఆమెను ఓదార్చారు. నేలంటే అంత ప్రేమ ఎవరికుంటుందని మెచ్చుకున్నారు.

లోపలికి పిలుపు వచ్చినవాళ్ళు వచ్చినట్టు వెళ్ళి సంతకాలు చేసి వచ్చారు. అప్పుడు, సభ్యులంతా ఎలాగూ ఒకచోట ఉన్నారు గనక, సమితి సమావేశం అక్కడే కానిచ్చేద్దామని కెరుబిన్ అన్నాడు. క్యాసినోకు వ్యతిరేకంగా పోరాటం ఆపేది లేదని ఏకగ్రీవంగా తీర్మానించారు. కాపాడుకోవడానికి ఇంకా నేల మిగిలినవాడు ఒక్కడే ఉన్నాడు కాబట్టి, సాంతాన్‌నే జీవితకాల అధ్యక్షుడిగా ఎన్నుకుని, కంపెనీ కాఫీ ఇంకో చుట్టు తాగి, బస్సు వేళకు లేచారు.