మఫిన్‌కి తలంటు

"అమ్మాయ్, దాని చెవుల్లోకి నీళ్ళు పోతే చీము పడుతుందేమోనే!"

బకెట్ ఇంకా నిండలేదు. మగ్గు ముంచలేదు. కుక్క తడవలేదు. అయినా అడగడం కన్నతల్లిగా నా బాధ్యత కాబట్టి అడిగాను. మా అమ్మాయి తేజశ్రీ పలకలేదు. పలకదని నాకూ తెలుసు. ఆదివారం ఎనిమిది గంటలకి నేను అడగడం, ఆవిడగారు వినపడనట్టు పంపు తిప్పడం ఏడు వారాలుగా మా ఇంటి ఆచారం.

అయినా సరే, నేను గట్టిగా చెబుతున్నాను! ఇంట్లో కుక్కకి స్నానం చేయించడమంత గొప్ప నాగరికత మరొకటి లేదు. ప్రభుత్వం వారు వెంటనే దీన్ని ప్రతి గడపకీ తప్పనిసరి చేయాలి. రేషన్ కార్డు చూపించిన వాళ్ళకల్లా ఒక కుక్కనీ, ఒక డ్రయ్యర్‌నీ ఇవ్వాలి. నవ్వకండి. నేను పదో తరగతి వరకే చదివినదాన్నే కావచ్చు, కానీ ఈ విషయంలో నాకున్న అనుభవం పెద్ద చదువులవాళ్ళకి కూడా లేదు.

మఫిన్ అంటే ఏ విదేశీ జాతో అనుకునేరు! పత్తి మిల్లు ముందు లారీ కింద పడుకుని ఉంటే మా అమ్మాయి ఎత్తుకొచ్చిన అచ్చమైన ఊరకుక్క. మఫిన్ అనేది తినే వస్తువట. నేనింతవరకూ తినలేదు. కుక్కకి ఆ పేరు పెట్టాక ఇక తినను కూడా.

దాని స్నానానికి సరంజామా చూడాలి మీరు! మొదట ఓట్స్ షాంపూ. ఇంట్లో మనుషులం రవ్వ ఉప్మా తింటున్నాం, ఓట్స్ మాత్రం కుక్క వీపుకి. షాంపూ మీద కండిషనర్. యాభై ఏళ్ళొచ్చాయి, నా తల కుంకుడుకాయ తప్ప ఇంకోటి ఎరగదు! తర్వాత మూడు దువ్వెనలు. పైబొచ్చుకి ఒకటి, లోబొచ్చుకి ఒకటి, పిడుదులకి ప్రత్యేకంగా ఒకటి. గోళ్ళకి కట్టర్. కట్టర్ తర్వాత ఆకురాయి! ఆఖర్న మెడ కింద సెంటు. మా పెళ్ళినాడు మా ఆయన అంకమ్మరావుగారికి ఇందులో నాలుగోవంతు అలంకారం కూడా జరగలేదు. అయినా పీటల మీద బుద్ధిగా కూర్చున్నారు.

పక్కింటి మస్తాన్‌బీ మిరపకాయల తొడాలు తీయడానికి కల్లానికి పోతూ పోతూ గోడ మీంచి తొంగిచూస్తుంది.

"ఏం వదినా, ఇయ్యాళ పెళ్ళిచూపులా మీవోడికి?"

"నవ్వు తల్లీ, నవ్వు! నీకేం పోయింది?"

"నవ్వటం కాదు వదినా. మా ఆయన్ని కూడా పంపిస్తా, రెండు మగ్గులు పొయ్యమని చెప్పు. కల్లం నుంచొచ్చి అట్టాగే మంచమెక్కుతున్నాడు. ఇల్లంతా ఘాటు!"

దానికి నవ్వులాటగా ఉంది. నాకు మాత్రం ఒకటే భయం. బండ మీద సబ్బునీళ్ళకి పిల్ల జారిపడితే? తడినేల మీద డ్రయ్యర్ తీగ పడి షాక్ కొడితే? గోరు లోతుగా తెగి, నెత్తురు ఆగకపోతే? గోరు నొప్పికి కుక్క కరిస్తే? పొట్ట చుట్టూ ఇంజెక్షన్లన్న మాట ఇప్పుడు లేదుట, చేతికే చేస్తారుట. చేతికైతే మాత్రం నొప్పి కాదా? ఇవన్నీ ఒక్కొక్కటే అడుగుతాను.

మరి ఇంత దండగమారి పని గొప్పదెలా అయిందంటారా? అక్కడికే వస్తున్నాను.

మా అమ్మాయి నాతో మాట్లాడదు. కుక్కతో మాట్లాడుతుంది. స్నానం మొదలైన దగ్గర్నుంచి ఒళ్ళు ఆరేదాకా గంటసేపు ఆ నోటికి విరామం ఉండదు! గోడకివతల చేటలో మిరపకాయలు పోసుకుని, తొడాలు తీస్తున్నట్టు కూర్చుంటే చాలు, ఇంటి సమాచారమంతా తెలిసిపోతుంది. మా పిల్లకి పన్ను నొప్పని నాకు తెలిసింది ఆ కుక్క ధర్మమా అని. నా పప్పుచారులో ఉప్పెక్కువైందని తెలిసిందీ అలాగే. నాకేమైనా చెప్పాల్సొచ్చినా అదే దారి. "మఫిన్, ఆ తువ్వాలు ఇటు పడెయ్యమని చెప్పు." నేను పడేస్తాను. ఎవరికి చెబితేనేం? చెవిన పడింది కదా!

ఇదంతా ఎందుకొచ్చిందో కూడా చెప్పేస్తాను. నేను దాచుకునే మనిషిని కాదు. మా అమ్మాయి కెమిస్ట్రీ చదివింది. దాచేపల్లి దగ్గర ఒక సిమెంట్ ఫ్యాక్టరీ ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. దాచేపల్లి ఏ దేశంలో ఉందో అనుకోకండి. బస్సెక్కితే రెండు గంటలు. కానీ నాకు నిద్ర పట్టలేదు. సిమెంట్ దుమ్ము ఊపిరితిత్తుల్లో గడ్డకట్టి రాయైపోతే? ఆ రోడ్డు మీద లారీలు గుద్దితే? హాస్టల్లో ఫ్యాను ఊడి పడితే?

అమ్మాయి స్నానానికి వెళ్ళినప్పుడు నా ఫోన్ మోగింది, దరఖాస్తులో నా నంబరు కూడా ఇచ్చిందిట. నేనెత్తాను. ఎప్పుడు చేరతారని వాళ్ళు మర్యాదగానే అడిగారు. "మా అమ్మాయికి దుమ్ము పడదండీ, రాదు" అని నేనూ మర్యాదగానే చెప్పాను. మిరప కల్లంలో పుట్టి, పత్తి నూగులో ఆడుకుని పెరిగిన పిల్ల గురించి నేను చెప్పిన మాట అది!

తల తుడుచుకుంటూ వచ్చి విషయం విని, అది ఒక్క మాట కూడా అనలేదు. అంతే, ఆ రోజు నుంచీ అననే లేదు. మూడో రోజున కుక్క వచ్చింది.

సరే, మొదట చెప్పిన మొన్నటి ఆదివారం సంగతికి వస్తాను. స్నానం అయింది. కుక్క తువ్వాలు బురదలో పడింది. "మఫిన్, ఇంకో తువ్వాలు కావాలని చెప్పు" అంది లోపలికి చూస్తూ. మళ్ళీ నాకొక పని చెప్పింది కదా! ఆ సంబరంలో దండెం మీద చేతికందింది లాక్కొచ్చి, ఇచ్చి ఊరుకోకుండా, నేనే కూర్చుని దాని మొహం, పొట్ట గట్టిగా తుడిచాను.

అది మా ఆయన తువ్వాలు. అప్పుడే కల్లం నుంచి వచ్చి, తలకి చుట్టుకున్నది విప్పి దండెం మీద వేశారు.

మా వైపు పాలు తాగే పిల్లకి కూడా తెలుసు, కల్లం నుంచొచ్చిన, మిరపఘాటు పట్టిన గుడ్డ మొహానికి తగలకూడదని. ఇరవై ఆరేళ్ళుగా ఆ తువ్వాలుని వేరే బకెట్లో తడిపే మనిషిని నేను! ఏ చెవిలో నీళ్ళు పోతాయో, ఏ తీగ షాకిస్తుందో ఏడు వారాలుగా లెక్కలు కట్టిన మనిషిని! కుక్కకి జరిగిన ఒకే ఒక్క కీడు నా చేతుల్తోనే జరిగింది.

దాని అరుపు వీధి చివరికి వినపడింది. మూతి నేలకేసి రాస్తూ వాకిలంతా మూడు చుట్లు తిరిగింది. మా అమ్మాయి దాన్ని ఒడిసిపట్టుకుంది. నేను పరిగెత్తి పెరుగు గిన్నె తెచ్చాను. మా ఆయన గుమ్మంలో నిలబడి, "కుక్కని చంపుతారా ఏందే మీరిద్దరూ?" అని కేకేశారు. ఇద్దరం కలిసి మూతికి, పొట్టకి పెరుగు పట్టించాం, కడిగాం, మళ్ళీ పట్టించాం. రాత్రి తోడు పెట్టుకున్న గడ్డపెరుగంతా దాని ఒంటికే సరిపోయింది. చివరికి అది నా చెయ్యి నాకింది. బుద్ధిలేని జంతువు!

అప్పుడు నేను కుక్కని చూస్తూ అన్నాను. మా ఇంట్లో మాటలకి దారి అదే కదా! "మఫిన్, ఆ ఫ్యాక్టరీవాళ్ళ నంబరు నా ఫోన్లో ఉందని చెప్పు. అమ్మాయికి దుమ్ము పడుతుంది, నేనే అబద్ధం చెప్పానని రేపొద్దున ఫోన్ చేసి చెబుతానని అను."

మా అమ్మాయి డ్రయ్యర్ పెట్టింది. కుక్క వీపు ఆరబెట్టింది. తోక ఆరబెట్టింది. నాలుగు కాళ్ళూ ఒక్కొక్కటే ఆరబెట్టింది. నేను పక్కనే చేట ముందేసుకున్నాను. అందులో కాయలన్నీ తొడాలు తీయడం అయిపోయింది. తీసిన కాయలనే మళ్ళీ తిరగేస్తూ కూర్చున్నాను. ఆఖరికి డ్రయ్యర్ ఆపి, కుక్క చెవుల్లోంచి రెండు దూది ఉండలు తీసి, నా అరచేతిలో పెట్టింది.

"చెవుల్లోకి నీళ్ళు పోవమ్మా. మొదటి వారం నుంచీ దూది పెట్టే పోస్తున్నా. నువ్వు గోడకవతల కూర్చుని భయపడటమే గానీ, ఒక్కసారన్నా దగ్గరికొచ్చి చూశావా? దాచేపల్లిలో కూడా మాస్కులిస్తారు."