పీచు మిల్లు ఆగిన ఉదయం

ఆ ఉదయం అనుకున్న పని చాలా చిన్నది. పదకొండు గంటలకు శ్యామ్ బాబు ముందుగదిలో తలుపు వేసుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చోవాలి. హైదరాబాదు కంపెనీ వాళ్లు అడిగినదానికి జవాబు చెప్పాలి. ఆ కాసేపు వీధి నోరు మూసుకోవాలి.

ఆ వీధికి నోరు మూసుకునే అలవాటు లేదు. ఎడమపక్క కొండబాబు కొబ్బరి పీచు మిల్లు. ఎదురుగా శివనాగరాజు టెంట్‌హౌస్. మైకులు పనిచేస్తున్నాయో లేదో చూసుకోవాలనే వంకతో నాగరాజు పొద్దున్నుంచీ పాటలు వేస్తాడు. శ్యామ్ బాబు మొదటి ఇంటర్వ్యూ మిల్లు హోరులో పోయింది. రెండోది మైకులో పోయింది.

ఎలక్ట్రికల్ డిప్లొమా చదివిన శ్యామ్ బాబు కొత్తపేట సెంటర్లో తండ్రి పెట్టిన కొట్లో మోటార్లకు వైండింగ్ చేస్తాడు. కాలిన మోటారు విప్పి కొత్త రాగితీగ చుట్టడం ఆ పని. సాయంత్రాలు కూర్చుని కంప్యూటరు కోర్సు పూర్తిచేశాడు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికి సరిచేసే ఉద్యోగం ఇప్పుడు అందేంత దూరంలో ఉంది. ఈ కొత్త కంపెనీలో ఇది ఆఖరి రౌండు. తండ్రి పాపారావు ముందే చెప్పేశాడు.

"ఈసారి రాకపోతే ఆ ల్యాప్‌టాప్ మూసేసి కొట్లో కూర్చో."

పాపారావుకి మాట్లాడటమంటే గిట్టదు. భార్య పోయాక ఆ ఉన్న నాలుగు మాటలూ తగ్గించాడు. ఇంట్లో మూడో మనిషి ఆయన అక్క దీనమ్మ. ఎనభై దాటిన మనిషి, బ్రహ్మచెవుడు, వెనకగదిలో మంచం. ఆవిడతో మాట్లాడాలంటే అరవాలి కాబట్టి ఆయన మాట్లాడడమే మానేశాడు.

"నాన్నా, కొండబాబుగారికీ నాగరాజుకీ ఇంటర్వ్యూ ఉందని చెప్పి రా" అన్నాడు శ్యామ్ బాబు.

"చెప్తాలే."

వెళ్లాడు గాని ఆ ఒక్క ముక్కే చెప్పలేదు. రెండుసార్లు తప్పిన దగ్గర్నుంచీ కొండబాబు కనబడినప్పుడల్లా "అబ్బాయిగారి కంప్యూటరు ఎందాకా వచ్చిందండీ?" అని నవ్వుతున్నాడు. మూడోసారి కూడా ఆ నవ్వు చూడటం పాపారావుకి ఇష్టం లేదు.

మిల్లు లోపలికి వెళ్లి నిలబడ్డాడు. పీచు దుమ్ము కళ్లలో పడింది. తువ్వాలుతో తుడుచుకున్నాడు.

"కొండబాబుగారూ, మిల్లు ఆపాలి."

"అయ్యో, ఏమైందండీ?"

"ఏమీ అడక్కండి. మధ్యాన్నం దాకా చప్పుడు చెయ్యకండి."

మళ్లీ కళ్లు తుడుచుకుని, మొహం కడుక్కోవడానికి ఇంట్లోకి వెళ్లాడు.

ఆ మిల్లు పగటిపూట ఒక్క కారణానికే ఆగుతుంది. చుట్టుపక్కల ఎవరైనా పోతే ఆపడం కొండబాబు తండ్రి నాటి మర్యాద. ఇప్పుడు పాపారావు తన కాళ్లమీదే నడిచి వచ్చాడు. కొడుకు పొద్దున్నే ఇస్త్రీ చొక్కాలో అరుగుమీద కనిపించాడు. ఇక ఆ ఇంట్లో మిగిలింది దీనమ్మ. కొండబాబు లెక్క అంతా సరిగ్గానే చేశాడు, మొదలు తప్ప.

మిల్లు ఆపించి, రోడ్డు దాటి టెంట్‌హౌస్‌కి పరిగెత్తాడు.

"నాగరాజూ, పాట కట్టెయ్! దీనమ్మగారు పోయేరు."

"అయ్యబాబోయ్! నిన్న సాయంత్రం కూడా నన్ను తిట్టేరండీ."

"అదే ఆఖరు తిట్టు. దాచుకో."

పాపారావు వచ్చేసరికి పాట ఆగిపోయి ఉంది. నాగరాజు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తమరేం చెప్పక్కర్లేదండి. అంతా మేం చూసుకుంటాం."

ఆ వీధిలో ఒక మనిషి పాపారావుకి నచ్చడం అదే మొదలు. "సంతోషం" అనేసి వెళ్లిపోయాడు.

నాగరాజు బిత్తరపోయాడు. "సంతోషం అంటున్నారేంటండి?"

"ఎన్నేళ్ల చాకిరీ! ఊరుకో" అన్నాడు కొండబాబు.

పదకొండయింది. తెరమీద జ్యోతిర్మయి అనే ఆవిడ కనిపించింది. వీధిలో చీమ నడిచినా వినబడేటంత నిశ్శబ్దం. శ్యామ్ బాబుకి తండ్రి మీద గౌరవం పెరిగింది. ఆ తండ్రి పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో కూర్చుని కళ్లు మూసుకున్నాడు. ప్రార్థన చేస్తున్నానని ఆయన ఎవరికీ చెప్పడు.

బయట షామియానా లేచింది. చప్పుడు చెయ్యొద్దన్నారు కాబట్టి కుర్చీలు కూడా ఒక్కోటీ ఎత్తి దించారు. జనం వచ్చి తలలు వంచుకుని కూర్చున్నారు. ఒకావిడ కిటికీలోంచి తొంగిచూసి వచ్చి, "అబ్బాయి దూరం చుట్టాలకి వీడియోలో చెప్తన్నాడు" అని గుసగుసలాడింది. అందరూ తలూపారు.

లోపల జ్యోతిర్మయి అడిగింది.

"నిన్నటిదాకా నడిచిన ప్రోగ్రాం ఇవాళ ఆగిపోయింది. తప్పు ఎక్కడుందో ఎలా పట్టుకుంటారు?"

శ్యామ్ బాబు దీనికి జవాబు ఇంగ్లీషులో బట్టీపట్టాడు. మొదటి వాక్యం వచ్చింది. రెండోది రాలేదు. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ మొదటి వాక్యమే వచ్చింది. ఆవిడ కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. కొట్లో కుర్చీ శ్యామ్ బాబు కళ్లముందు కదిలింది.

సరిగ్గా అప్పుడే నాగరాజు శవాన్ని ఉంచే ఫ్రీజర్ పెట్టె తెప్పించి, అరుగుమీది ప్లగ్గులో వైరు పెట్టాడు. లోపల ఫ్యాను ఆగింది. లైటు ఆరింది. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది, నెట్టు ఫోనుది. అందుకని తెరమీద ఆవిడ మిగిలింది.

"కరెంటు పోయిందా?"

"లేదండి. ఎదురింట్లో లైటు వెలుగుతోంది. మా ఫ్యూజే పోయింది. ఒక్క నిమిషమండి."

తలుపు తీశాడు. అతను చూసినవన్నీ వెనక తెరలోంచి ఆవిడా చూసింది. షామియానా, కుర్చీల్లో జనం, గాజుమూత పెట్టె, కొండబాబు చేతిలో దండ.

"ఈ పెట్టె ఎవరు పెట్టేరు?" అన్నాడు శ్యామ్ బాబు.

"నేనేనండి" అన్నాడు నాగరాజు. "మీ అత్తగారికని."

"మా అత్తకేమైంది?"

వెనక వరసలో ఎవరో, "పాపం, ఇంకా ఎరగడు" అన్నారు.

"నీకెవరు చెప్పేరు?"

"కొండబాబుగారండి."

"మీకెవరు చెప్పేరండీ?"

"మీ నాన్నగారే బాబూ" అన్నాడు కొండబాబు.

"పోయిందని చెప్పేరా? ఆ మాటే అన్నారా?"

కొండబాబు దండ చెయ్యి మార్చుకున్నాడు. "అనలేదనుకోండి. కళ్లు తుడుచుకున్నారు."

"ఎక్కడ నిలబడి?"

"మిల్లులో."

"మిల్లులో మీరు తుడుచుకోరా?"

ఎర్రబడిన కళ్లను కొండబాబు అలవాటుకొద్దీ భుజంమీద తువ్వాలుతో తుడుచుకున్నాడు. అంతలో గుమ్మంలో కర్ర చప్పుడైంది.

"ఫ్యాను ఎవడాపేడర్రా?"

దీనమ్మ. ఆడవాళ్లు కెవ్వుమన్నారు. ఒకాయన కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. కొండబాబు దండ వీపువెనక దాచాడు. ఆవిడ షామియానా చూసింది. పెట్టె చూసింది.

"ఎవరు పోయేరు?"

ఆవిడకి చెవుడు కాబట్టి నాగరాజు దగ్గరికెళ్లి గట్టిగా అరిచాడు.

"మీరేనండీ!"

వీధి చివరిదాకా వినబడింది. దీనమ్మ కుర్చీలకేసి చూసింది.

"నిన్న ప్రార్థన కూటానికి కుర్చీలడిగితే లేవన్నావు. ఇవెక్కడివయ్యా?"

ఆ గోలకి పాపారావు పెరట్లోంచి వచ్చాడు. అందర్నీ ఒకసారి చూశాడు.

"చప్పుడు చెయ్యొద్దని చెప్పేనా, లేదా?"

శ్యామ్ బాబు తిరిగొచ్చి కూర్చున్నాడు. ఉద్యోగం అయిపోయిందనుకున్నాడు. తెరమీద జ్యోతిర్మయి కళ్లు తుడుచుకుంటోంది. అక్కడ పీచు దుమ్ము లేదు.

"క్షమించండి మేడమ్. ఇందాకటి ప్రశ్నకి జవాబు..."

"చెప్పేశారు కదండీ. ఆగిన ఫ్యాను దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్కరినే అడుగుతూ మీ నాన్నగారి దాకా వెళ్లారు. మధ్యలో ఎవరి మాటా ఊరికే నమ్మలేదు. ఇదెక్కడ నేర్చుకున్నారు?"

"కాలిన మోటారుకి అంతేనండి. ఒక్కో చుట్టే చూసుకుంటూ వెనక్కి పోతాం. మొదట ఎక్కడ తెగిందో దొరుకుతుంది."

"ఆ ఇంగ్లీషు వదిలేసి ఈ మాటే ముందు చెప్పి ఉండాల్సింది" అంది ఆవిడ.

ఆ వారంలోనే ఉత్తరువు వచ్చింది. ఇంట్లోంచే పని. శ్యామ్ బాబు తండ్రికి రెండుసార్లు చదివి వినిపించాడు.

"కొండబాబుగారికి నువ్వే చెప్పు నాన్నా. ఈసారి ఉన్నమాట చెప్పు."

పాపారావు ఉతికిన చొక్కా వేసుకున్నాడు. దుమ్ము పడకుండా మిల్లు బయట రోడ్డుమీదే ఆగి, కొండబాబుని పిలిచాడు. చెప్పబోయాడు. చొక్కా సర్దుకున్నాడు. మళ్లీ నోరు తెరిచాడు. మాటకి బదులు కళ్లలో నీళ్లొచ్చాయి. తువ్వాలు తీశాడు.

కొండబాబు మిల్లు ఆపేసి, పెట్టె తెమ్మని నాగరాజుకి కేకేశాడు.