మూడు నిండితేనే స్కానింగు

ఆడదాని కడుపులో ఏం జరుగుతోందో దేవుడికైనా తెలియకపోవచ్చు గానీ, పెద్దాసుపత్రి తొమ్మిదో నంబరు గదికి తెలుసు. పోయిన గర్భాలను లెక్కపెట్టే గది అది. ఒకటి పోతే ఖర్మ, రెండు పోతే కాకతాళీయం, మూడు పోతేనే జబ్బు అని ఆ గది ఏనాడో తేల్చేసింది. గర్భసంచికి నెత్తురు సరిగ్గా అందుతోందో లేదో చూసే స్కానింగు మిషను పక్క గదిలోనే ఉంది. మూడు నిండనివాళ్లు ఆ తలుపు తాకకూడదు. (మిషను అరిగిపోతుందని కాదు. దాని మీద కప్పిన దుప్పటి మాత్రం అరిగిపోతే రెండుసార్లు మార్చారు.)

ఆ గది ముందు బల్ల మీద ఒక అత్తా కోడలూ కూచున్నారు. అత్త ఒక హోటలు లాండ్రీలో ముప్పై ఏళ్లుగా దుప్పట్లు ఉతుకుతోంది. మాట తక్కువ, పని ఎక్కువ. కోడలు అక్కడే ఇస్త్రీ చేస్తుంది. కోడలికి మూడు పోయాయి. ఇప్పుడు నాలుగోది, ఆరో వారం. ఇదైనా నిలబడాలంటే ముందు నెత్తురు సంగతి చూపించుకోమని వీధిలో ఉండే నర్సు చెప్పింది. అందుకని వచ్చారు.

నష్టాల గుమాస్తా (అతని పూర్తి హోదా తలుపు మీద పట్టక సగం గోడ మీద రాశారు) కాగితాలు తిరగేసి, రెండే ఉన్నాయన్నాడు.

మొదటిది ఇంట్లోనే పోయిందని, ఆ రోజు వానకు రోడ్లు మునిగి రాలేకపోయామని కోడలు చెప్పింది. ఇంట్లో పోయినవి ఇంటి లెక్కలోకి వస్తాయి గానీ ఆసుపత్రి లెక్కలోకి రావని గుమాస్తా మర్యాదగానే వివరించి, ఒక ఫారం ఇచ్చాడు. అది పోయిన వస్తువుల కోసం అచ్చేసిన ఫారం. పొదుపు కోసం దాన్నే ఇక్కడా వాడుతున్నారు. వస్తువు రంగు, చివరిసారి ఎక్కడ చూశారు, దొరికితే గుర్తుపట్టగలరా అని గడులున్నాయి. మూడో గడి దగ్గర కోడలి పెన్ను ఆగిపోయింది. ఖాళీగా వదిలితే చెల్లదన్నాడు గుమాస్తా. గుర్తుపట్టగలను అని రాసింది.

ఇక సాక్షి కావాలి. సాక్షి చుట్టం కాకూడదు. ఆ ఇంట్లో ఉండేవాళ్లు కాకూడదు. ఇంట్లో జరిగింది కళ్లారా చూసి మాత్రం ఉండాలి. (ఇలాంటి మనిషిని లోకంలో దొంగ అంటారు. నిబంధనల్లో సాక్షి అన్నారు.)

అత్త లేచి గుమాస్తా కిటికీ దగ్గరికి వచ్చింది. గొంతు పెంచలేదు.

"ముప్పై ఏళ్లుగా మరకలు ఉతుకుతున్నాను బాబూ. ఏ మరక ఏంటో చూడగానే చెప్తాను. ఆ రోజు దుప్పటి నేనే ఉతికాను."

"ఆ దుప్పటి ఉందా మామ్మా?"

"ఉంది."

గుమాస్తా మొహం విప్పారింది. "మరక?"

"ఉతికానంటున్నాగా."

"అదే మీరు చేసిన తప్పు. సాక్ష్యం ఉతికేశారు."

ముప్పై ఏళ్లలో ఆవిడ ఉతుకుడుకు వంక పెట్టిన మొదటి మనిషి అతనే.

కథ పై అధికారి దాకా వెళ్లింది. ఆయన దయగలవాడు. ముందు మంచినీళ్లు ఇప్పించాడు. కోడలు ప్రస్తుతం గర్భవతి కనుక నష్టాల విభాగం కిందికి రాదన్నాడు. గర్భిణుల విభాగానికి వెళ్తే, నష్టాలున్నాయి కనుక తిరిగి ఇక్కడికే పంపుతారన్నాడు. (ఈ ఏర్పాటు కోసం రెండు విభాగాలూ ఏడాదిపాటు సమావేశమయ్యాయి.) మరి మమ్మల్ని ఏం చెయ్యమంటారని కోడలు అడిగింది.

"కంగారెందుకమ్మా? ఇదీ నిలబడకపోతే, ఈసారి మాత్రం ఇంట్లో కానివ్వకండి. నేరుగా ఇక్కడికే వచ్చెయ్యండి. అక్కడికక్కడే రాసేస్తాం."

అత్త ఆ గ్లాసు తాగకుండానే కింద పెట్టి, కోడలి చెయ్యి పట్టుకుని లేచింది.

పదో వారంలో కోడలు నేరుగా అక్కడికే వచ్చింది. వాళ్లు మాట తప్పలేదు. క్యూలో నిలబెట్టలేదు, అరగంటలో కాగితం చేతిలో పెట్టారు. మూడు నిండాయి. మంచం మీద ఉండగానే, స్కానింగుకు అర్హత వచ్చినందుకు అభినందనలు తెలుపుతూ ఆమె ఫోనుకు ఆసుపత్రి సందేశం వచ్చింది. మా సేవకు ఎన్ని నక్షత్రాలిస్తారని కింద అడిగారు.

నెల తర్వాత స్కానింగు అయింది. గర్భసంచికి నెత్తురు చాలడం లేదంది డాక్టరమ్మ. దీనికి మందుందట. నెల తప్పిన వెంటనే మొదలుపెట్టి ఉంటే మొన్నటిది నిలబడేదేమోనట.

"అసలు ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారమ్మా?" అని కసిరింది.

"అర్హత రావాలి కదా తల్లీ," అంది అత్త.

డాక్టరమ్మకు ఆ మాట అర్థం కాలేదు. అవతల భోజనం వేళయింది. కాగితం మీద గబగబా రెండు ముక్కలు రాసి చేతికిచ్చింది.

అత్తకు చదువు రాదు. మెట్లు దిగుతూ, ఏం రాసిందే అని అడిగింది. కోడలు మరోసారి చదువుకుని, కాగితాన్ని ఇస్త్రీ బట్టలా నాలుగు మడతలు పెట్టింది.

"మనం ఆలస్యంగా వచ్చామని రాశారత్తయ్యా."